మెరక చేసిన ఇల్లు

ఆకివీడు రాజరత్నం గారికి నీళ్ల సంగతి ఎవరైనా చెప్పబోతే ఒళ్లు మండేది. మండదా మరి? ముప్పై రెండేళ్లు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలవ గట్ల మీదే నడిచారు. ఏ గట్టు ఎక్కడ తెగుతుందో ముందే చెప్పేవారు. ఆయన లెక్కలో లోకంలో నేలలు రెండే రకాలండీ. పల్లం మునుగుతుంది, మెరక మునగదు. అంతే.

అలాంటాయన రిటైరైన ఏడాది చర్చివాళ్లతో కూర్గు టూరుకెళ్లి, ఆ కాఫీ తోటల మీద పొగమంచు చూసి మనసు పారేసుకున్నారు. కొండవాలులో మూడు గదుల ఇల్లు అమ్మకానికుందని కారు డ్రైవరు చెప్పాడు. సరదాగా వచ్చేవాళ్లకి రోజు అద్దెకిస్తే కాలు మీద కాలేసుకుని బతకొచ్చన్నాడు.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారాండీ? పగలూ రాత్రీ ప్రయాణం చేస్తే గానీ చేరం. అక్కడ కుళాయి కారినా ఎవరు చూస్తారు?" అంది భార్య సంపూర్ణమ్మ.

"కొండ మీద ఇల్లు మునగదు కదా," అన్నారాయన. రిటైరైనప్పుడు వచ్చిందంతా ఆ ఇంటి మీద పోశారు.

కొని ఊరుకున్నా బాగుండేది. మన వైపు ఇల్లంటే ముందు స్థలం మెరక చేయించాలి కదండీ! ఇంటి ముందు నేల వాలుగా జారిపోవడం ఆయన కంటికి నచ్చలేదు. వెనక కొండని నిలువునా కోయించి, ఆ మట్టంతా ముందు పోయించి, బల్లపరుపు చేయించారు. ఇల్లు చూసుకోడానికి పెట్టుకున్న కావేరమ్మ ఆ కొండల్లోనే పుట్టిన మనిషి. "కొండ కాలు కోయొద్దు సారూ, వానకి నిలబడదు," అని వచ్చీరాని తెలుగులో మొత్తుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం రాజరత్నం గారు. ఆయన నవ్వేశారు.

రెండేళ్లు జనం బాగానే వచ్చారు. మూడో ఏడు జూలైలో, సరిగ్గా భోజనాల వేళకి, కావేరమ్మ ఫోను చేసింది. నాలుగు రోజులుగా ఒకటే వాన. మైసూరు నించి భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు దిగి ఉన్నారు.

"వెనకాల కొండలోంచి నీళ్లు ఊరుతున్నాయి సారూ. బురదగా వస్తున్నాయి. వాళ్లని పంపేయనా?"

"ఉండనీ అమ్మా. మెరక చేయించిన ఇల్లు, ఏమీ కాదు," అని ఫోను పెట్టేసి కంచం ముందు కూర్చున్నారు.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు. బురదగా అంది కదా. ఊట తేటగా ఉంటే గట్టుకి భయం లేదు, బురదగా వస్తే లోపల మట్టి కదిలిపోతున్నట్టే. ఈ మాట కాలవ గట్లు కాసే ఎంతమంది లస్కర్లకి ఆయనే నేర్పారు! ఎంగిలి చేత్తోనే ఫోను తీశారు. కలవలేదు. పది సార్లు చేసినా కలవలేదు. ఆ పూటే బయలుదేరారు. దారి పొడవునా ఇల్లు గుర్తే రాలేదండీ. ఆ ఇద్దరు పిల్లలే.

రోడ్డు తెగిపోతే చివరి నాలుగు కిలోమీటర్లూ నడిచారు. మలుపు తిరిగి చూశారు.

వెనకుండాల్సిన కొండ ఇంట్లో ఉంది. చెట్టూ పుట్టా, బండలూ, నిన్నటిదాకా పైనున్న కాఫీ మొక్కలూ, అన్నీ కలిసి నడిచొచ్చాయి. హాలు ఉన్నచోట ఓ పెద్ద చెట్టు నిటారుగా నిలబడి ఉంది, అక్కడే మొలిచినట్టు ఒక్క కొమ్మా విరక్కుండా. దాని పక్కనించి తేటనీళ్లు చప్పుడు లేకుండా పారుతున్నాయి. ఎన్ని వరదలు చూశారు ఆయన! భూమి లేచి నడవడం మాత్రం చూడలేదు. భయంతో పాటు, చెప్పకూడదు గానీ, ఏదో భక్తి కలిగి చేతులు వాటంతటవే కలుసుకున్నాయి. "ప్రభువా, పిల్లలు," అన్నారు.

"సారూ," అని వెనకనించి కావేరమ్మ పిలిచింది. "వాళ్లు మా ఇంట్లో ఉన్నారు. మీరు ఉండనీ అన్నారు. నేను వినలేదు."

ఆమె ఇంటి వసారాలో ఇద్దరు పిల్లలూ ఉప్మా పళ్లెం కోసం పోట్లాడుకుంటున్నారు. ఆయన వాళ్లకేసి చూస్తూ నేల మీదే చతికిలబడ్డారు.

సాయంత్రానికి సిగ్నలొచ్చి సంపూర్ణమ్మ ఫోను కలిసింది. "ఇల్లు ఎలా ఉందండీ?"

"లేదు సంపూర్ణా," అన్నారు. "అందరూ ఉన్నారు."