ఎర్ర దారం కట్టిన వంగచెట్లు

మా ఇంట్లో ఎర్ర దారం అంటే తప్పు అని అర్థం. తిరుత్తణిలో మా నాన్న లుంగీలు నేసేవాడు. నేతలో ఎక్కడైనా పోగు తెగినా, లోపం కనిపించినా, అక్కడ చిన్న ఎర్ర దారం ముక్క ముడివేసి ముందుకు పోయేవాడు. బట్ట మగ్గం దిగాక ఆ ముడులు వెతకడం పిల్లల పని. బాగుచేయడానికి వీలుకాని ముక్కను అమ్మ కత్తిరించి మసిగుడ్డగా వాడేది. ఇప్పటికీ ఎర్ర దారం కనిపిస్తే నా చెయ్యి కత్తెర కోసం పోతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన ఘనకార్యానికి ఇంతకు మించిన సాకు నా దగ్గర లేదు.

చెన్నైలో ఉద్యోగం మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో ఫోన్‌కి తమిళంలో ఒక మెసేజ్ వచ్చింది. అత్తిమంజేరిపేట దగ్గర మందులు వెయ్యని చిన్న తోట, పని చేసేవాళ్ళకు తిండీ పడకా ఇస్తాం, అని. మా ఊరి నుంచి బస్సెక్కితే సరిపోయే దూరం. నెల రోజులు ఉంటానని చెప్పి వెళ్ళాను. పచ్చటి చెట్ల మధ్య పుస్తకం చదువుకుంటూ, మధ్యమధ్యలో నాలుగు టమాటాలు కోస్తానని ఊహించుకున్నాను.

తోట నడిపేది నాకంటే నాలుగైదేళ్ళు పెద్దావిడ. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె భర్త తిరువళ్ళూరులో ఫ్యాక్టరీ పనికి తెల్లారకముందే పోయేవాడు. తోటలో మిగిలేది అక్క, ఆమె అత్త, అంటే నాకు అవ్వ, ఒక ఆవు. మొదటిరోజు కాఫీ అయినా తాగకముందే అక్క నా చేతికి తట్ట ఇచ్చి పేడ ఎత్తమంది. తర్వాత పేడా ఆవు మూత్రమూ బెల్లమూ పులుస్తున్న డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి కర్ర ఇచ్చి కలపమంది. ఆ వాసనకు నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. నేను గొంతుక్కూర్చుని కలుపు తీయలేనని తెలిసి అవ్వ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "ఇంత పెద్ద మనిషివి, కూర్చునేకి రాదా?" అంది.

అయినా వారం తిరిగేసరికి పని పట్టుబడింది. అక్క నేర్పిన వాటిలో నాకు బాగా తలకెక్కింది ఒకటుంది. వంగచెట్లకు వెర్రి తెగులు వస్తుంది, ఆకులు చిన్నవై గుత్తులు గుత్తులుగా అయిపోతాయి, పక్క చెట్లకూ పాకుతుంది. "అట్లాంటిది కనపడితే నన్ను అడగద్దు. పీకి కాల్చెయ్. ఎరువు దిబ్బలో వేసినావంటే తోటంతా పోతాది" అంది. నేను రెండు చెట్లు కనిపెట్టి కాల్చాను. అక్క మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు ఎక్కువైంది. మా ఆఫీసులో పదేళ్ళు పనిచేసినా అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మూడో వారంలో ఒకరోజు అక్క ఆకుకూరలు తీసుకుని తిరుత్తణి సంతకు పోయింది. అవ్వ ఆవును మేపడానికి వెళ్ళింది. నేను అంతవరకూ పోని వంగ మడి చివరికి వెళ్ళి చూద్దును కదా, ఏడు చెట్లకు కాండం మీద ఎర్ర దారం కట్టి ఉంది. కాయలు కోయకుండా వదిలేశారు, పసుపు రంగుకు తిరిగి, తొక్క మందంగా, చూడ్డానికి జబ్బు మనుషుల్లా ఉన్నాయి. నాకు ఇంకేం కావాలి? అక్క హడావిడిగా పోతూ నా కోసం గుర్తు పెట్టి పోయిందనుకున్నాను. నన్ను నమ్మిందని గర్వపడ్డాను కూడా. ఏడింటినీ వేళ్ళతో సహా పీకి, ఎండు కొబ్బరి మట్టలు పేర్చి, మధ్యలో పెట్టి అంటించాను. కాయలు చిటపటలాడుతుంటే కర్రతో లోపలికి తోశాను. ఒక్క ఆకు కూడా బయట పడకూడదు కదా.

మధ్యాహ్నం అక్క వచ్చి ఖాళీ బుట్ట నెత్తిన ఉండగానే మడి వైపు చూసి ఆగిపోయింది.

"ఈడుండిన వంగచెట్లు యాడ?"

"పీకి కాల్చేసినానక్కా. ఏడూ."

"ఎందుకు కాల్చినావు?"

"తెగులని నువ్వే దారం కట్టినావు కదా."

ఆమె బుట్ట దించింది. నా ముఖంలోకి చూసింది, నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు. తర్వాత చాలా మెల్లగా అంది. "విత్తనానికి కట్టినాను."

నాకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. వీళ్ళు దారం కట్టేది అన్నిటికంటే మంచి చెట్టుకు. ఎవరూ కాయ కోయకూడదని, పండి పసుపెక్కేదాకా ఆగాలని కట్టే కాపలా అది. మా ఇంట్లో పారేసేదానికి పెట్టే గుర్తును వీళ్ళు దాచుకునేదానికి పెడతారని నాకు కలలోనైనా తట్టలేదు. తట్టకపోవడం సరే, అడగొచ్చు కదా? అడగలేదు.

ఆవును కట్టేసి వచ్చిన అవ్వ సంగతి విని అక్కడే నేల మీద చతికిలబడింది. ఆ ముళ్ళ వంకాయ ఆమె పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చిన విత్తనమట. ఊళ్ళో అందరూ ప్యాకెట్ విత్తనాలకు మారిపోయారు, ఇంకెవరి దగ్గరా లేదు. కిందటి వానలకు ఇల్లు కురిసి, బూడిదలో దాచినదంతా కుళ్ళిపోతే, మిగిలిన పిడికెడే ఈసారి వేశారు. మిగతా చెట్ల కాయలన్నీ లేతగానే సంతకు పోయాయి, కాపు కూడా ఉడిగిపోయింది. విత్తనానికని ఉంచినవి ఆ ఏడే.

"పోనా పోగట్టుం, పోతే పోనీ అనేకి ఇదేమన్నా గాజుపూసా" అంది అవ్వ, ఎవరితోనో అన్నట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నేను అక్షరాలా అదే చేశాను. బూడిద ఇంకా వేడిగా ఉండగానే వేళ్ళతో కెలికాను. కాయలు దొరికాయి, పచ్చడికి కాల్చినట్టు. అవ్వ ఒక్కోదాన్నీ చీల్చి, ఒక గింజ పంటికింద పెట్టి చూసి, "ఉడికిపొయ్యింది" అని పక్కన పెట్టేది. మళ్ళీ ఇంకొకటి. "ఇదీ ఉడికిపొయ్యింది." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. చివరికి రాయి పక్కకు దొర్లిపోయిన కాయ ఒకటి దొరికింది. ఒక వైపు మాడింది, ఇంకో వైపు పసుపుగానే ఉంది. దాన్ని నీళ్ళలో పిసికారు. తాలు గింజలు తేలాయి. కొన్ని మునిగాయి. అక్క వాటిని గుడ్డ మీద ఆరబెట్టింది.

ఆ పూట నాకు అన్నం వద్దన్నాను. పనికి తిండి అన్నది ఒప్పందం, ఇలాంటి పనికి ఏ తిండి పెడతారు? అక్క పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి పులుసు పోసి నా ముందుకు తోసింది. "పొద్దున్నించి ఎండలో పని చేసినావు. తిను." ఆమె ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే అంటోంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ ముద్ద గొంతులో దిగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

గింజలు ఆరాక కొబ్బరిచిప్పల్లో మట్టిపోసి వేశారు. ఉన్నన్నాళ్ళూ పొద్దున లేవగానే అక్కడికే పోయి కూర్చునేదాన్ని. ఏమీ లేదు. నా నెల పూర్తయిన రోజుకూ ఏమీ లేదు. అక్క బస్సు దాకా వచ్చి తోటకూర కట్ట చేతిలో పెట్టింది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

ఇంటికొచ్చి పది రోజులైంది. ఫోన్ మోగితే అక్క.

"ఒకటి మొలిచిండాది" అంది.

నేను కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

"విన్నావా? ఒకటే. పెద్దదయినాక దానికి గుర్తు కట్టాల. మీ ఇంట్లో దారం ఉంటాది కదా, పంపించు."

"ఏ రంగుది కావాలక్కా?"

"నువ్వు చూస్తే పీకబుద్ధి కానిది."

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన తిట్టు అప్పటికి వచ్చింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని భోరున ఏడ్చేశాను. అటువైపు అవ్వ, ఏమైంది, ఏమైంది అని అడగడం వినిపిస్తూనే ఉంది. నాన్న మగ్గం ఆపి దారాల పెట్టె నా ముందుకు జరిపాడు. ఆకుపచ్చ దారం కండె ఒకటి తీసుకుని మరుసటి పొద్దున మొదటి బస్సెక్కాను.