చేతి మీది నిచ్చెన

ఈమధ్య మా అల్లుడి ఆఫీసులో ఉద్యోగుల ఒంటికీ మనసుకూ మంచిదని ఏదో ఒక కార్యక్రమం పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకురావచ్చన్నారట, మా ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను కారెక్కించి జగదల్‌పూర్ నుంచి నగర్‌నార్ వైపు తీసుకుపోయారు. ఓ పెద్ద హాల్లో చాపలు పరిచి, అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మీ శరీరం మీతో ఏం చెబుతోందో వినండి అని ఒకమ్మాయి మైకులో మెల్లగా చెప్పసాగింది. నా శరీరం మోకాళ్ళ సంగతి తప్ప ఇంకో మాట చెప్పి చాలా కాలమైంది, అది వినడానికి ఇంత దూరం రావాలా అనుకుంటూ నేను కుర్చీలోనే కూర్చుండిపోయాను. మా రోజుల్లో పని చేసేచోట ఒళ్ళెలా ఉందని అడిగినవాళ్ళు లేరు, అడిగితే మనమే అనుమానపడేవాళ్ళం.

టీ దగ్గర ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లటి చుట్టలు, మెలికలు, చూడ్డానికి అందంగానే ఉన్నాయి. ఏమిటమ్మా ఇవి అని అడిగితే, న్యూజిలాండ్‌లో మావోరీలని ఉంటారు, తమ తాతముత్తాతలెవరో, తాము ఏ వంశం వాళ్ళో ఒంటి మీద గీతల్లో చెప్పుకుంటారు, ఇది వాళ్ళ పద్ధతి అంది. మరి నీ చేతి మీద ఎవరి వంశం ఉందని అడిగాను, నిజంగా తెలుసుకుందామనే అడిగాను, వెక్కిరింపుగా కాదు. ఎవరిదీ కాదాంటీ, ఫోన్‌లో చూశాను, నచ్చింది అని నవ్వేసి, గాజుల వెనక నా చేతిని చూసి, అరె మీకూ ఉందే, ఎవరిది ఇది అని తిరిగి నన్నే అడిగింది. నేను కొంగు చేతి మీదికి లాక్కుని టీ అందుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది, రాస్తేనన్నా తేలుతుందేమోనని ఇదంతా మీకు చెప్పుకుంటున్నాను.

మాది భోపాల్‌పట్నంలో కొట్టు. ఉప్పు, బట్ట, కిరసనాయిలు, ఇవే అప్పటి బేరం. అడవి ఊళ్ళ నుంచి దోర్లా తెగ ఆడవాళ్ళు ఇప్పపువ్వూ చింతపండూ బుట్టల్లో తెచ్చి, ఉప్పు పట్టుకుపోయేవారు. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయిందని మా ఇంట్లో చెప్పేవారు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మేనత్త నన్ను పెంచింది. అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు, ఫోటో అంటే జగదల్‌పూర్ దాకా పోవాల్సిన కాలమది, మీకు తెలియనిది కాదు.

అయినా నాకు అమ్మ గుర్తుంది అనే నేను అందరితోనూ చెప్పేదాన్ని. ముఖం గుర్తులేదు, ఒక చెయ్యి గుర్తుంది. నేను ఒళ్ళో ఉన్నాను, నా ముక్కుకి ఇప్పగింజల నూనె వాసన తగులుతోంది, నా కళ్ళకెదురుగా ఆ చెయ్యి, దాని మీద ఆకుపచ్చగా ఒక వరుస చుక్కలు, చుక్కల కింద నిచ్చెనలాంటి గీతలు, నా వేలు పట్టుకుని ఆ నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కిస్తూ ఎవరో లెక్కపెడుతున్నారు. అంకెలు నేను అక్కడే నేర్చుకున్నానని నా నమ్మకం. బడిలో వేసినప్పుడు పంతులుగారు లెక్కపెట్టమంటే పలక వదిలేసి నా ముంజేతి మీద వేలు నడిపించేదాన్ని, ఆ అలవాటు మాన్పించడానికి ఆయన నానా తంటాలు పడ్డారు. పెద్దయ్యాక కూడా కూడికలో తడబడితే నా వేలు తనంతట తనే చేతి మీదికి పోయేది. చదువు తలలోకి ఎక్కుతుందంటారు గానీ నాకైతే అది చేతి మీదుగానే ఎక్కింది.

ఆ పచ్చబొట్టు గురించి మా అత్తను అడిగితే, మీ అమ్మ చేతికి గాజులు తప్ప ఏమీ లేవని కసురుకునేది. నాన్నను అడిగితే తక్కెడ సరిచూసుకుంటూ ఉండిపోయేవాడు. కొట్టు నడిపే ఇళ్ళలో అట్లాంటివి అడవి జనం అలవాట్లని చిన్నచూపు ఉండేది కదా, అమ్మ వేయించుకుని ఉంటుంది, వీళ్ళు పరువు తక్కువని దాస్తున్నారు అని నేనే ఒక కథ అల్లుకుని, దాన్నే నమ్మి, లోపల్లోపల వాళ్ళ మీద కోపం పెంచుకున్నాను.

చదువైపోయాక టీచరు ఉద్యోగం వచ్చింది. బీజాపూర్‌కు దక్షిణాన ఒక దోర్లా ఊళ్ళో బడి, ఊరి పేరు వద్దులెండి. పుస్తకం హిందీలో, హెడ్మాస్టరు రాయపూర్ వైపాయన, నేనేమో తెలుగుదాన్ని, పిల్లలు మాట్లాడేది దోర్లీ. దోర్లీ మన తెలుగుకి దగ్గరే గానీ, దగ్గరగా ఉన్న మాటలతోనే పొరపాట్లెక్కువ. ఒకరోజు పిల్లలు గోల చేస్తుంటే హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి “కాన్ పకడో!” అని గద్దించాడు. క్లాసు క్లాసంతా రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది, తనను వెక్కిరిస్తున్నారనుకుని బెత్తం తీశాడు. పాపం ఆ పిల్లలకు కాన్ అన్న హిందీ మాట కన్నులాగా వినిపించింది. చెవులు పట్టుకోమన్నది ఆయన, కళ్ళు పట్టుకున్నది వీళ్ళు. అంతసేపూ నాక్కూడా అర్థం కాలేదు, కన్ను అని విన్నానో కాన్ అని విన్నానో తెలియక నా చెయ్యి కూడా కంటి దగ్గరికే పోయిందని ఇప్పుడు చెబితే నవ్వుతారేమో. తేరుకుని ఆయనకు చెబితే ఆయన బెత్తం పక్కన పెట్టి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి శరీరం పాఠానికి నా శరీరమే పుస్తకమైంది. నా చెవి పట్టుకుని కాన్ అనేదాన్ని, ముక్కు పట్టుకుని నాక్ అనేదాన్ని, నాక్ అంటే పిల్లలు “నాకు, నాకు” అని చేతులు చాచేవాళ్ళు, ఏదో పంచిపెడుతున్నాననుకుని. వాళ్ళు నా దగ్గరికొచ్చి నా చెవులూ ముక్కూ తాకి చూసి వాళ్ళవి తాకి చూసుకునేవాళ్ళు. పెద్ద పిల్లలైతే సిగ్గుపడేవాళ్ళు గానీ చిన్నవాళ్ళకు టీచరు ఒళ్ళనే భయం లేదు. మాట తెలియని చోట ముట్టుకోవడమే భాష అని నేనప్పుడు ఎక్కడా చదవలేదు, కానీ పని మాత్రం అట్లాగే జరిగింది.

అట్లా ఒకనాడు చెయ్యి, హాథ్ అని చెబుతుంటే, ముందు వరసలో కూర్చునే ఒక పిల్ల నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, దిగులు మొహం పెట్టింది.

“నీ చెయ్యి ఖాళీగ ఉందేంది టీచరమ్మా? నువ్వు సచ్చి ఆడికి పోతే మీవోళ్లు నిన్నెట్ల గుర్తుపడతరు?”

పిల్లలంతా నావైపు జాలిగా చూశారు. వాళ్ళ లెక్కలో నగలూ చీరలూ ఇక్కడే ఉండిపోతాయి, పచ్చబొట్టొక్కటే మనిషితో పాటు పోతుంది, ముందుగా పోయినవాళ్ళు దాన్ని చూసే తమ మనిషని పోల్చుకుంటారు. నేను నవ్వి ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోయాను. మూడేళ్ళ పిల్లగా ఉన్న నన్ను వదిలిపోయిన అమ్మ, ఇంత పొడుగు మనిషిని, చీర కట్టి జడ వేసుకున్నదాన్ని చూసి ఎట్లా పోల్చుకుంటుంది? నాకు ఆమె చెయ్యి తెలుసు, ఆమెకు నాలో ఏం తెలుసు? చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మకూడదని నాకు నేనే చెప్పుకుంటూనే పుస్తకం పక్కన పెట్టి కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. నమ్మానా లేదా అంటే చెప్పలేను, నమ్మకపోతే ఎందుకేడ్చానో కూడా చెప్పలేను.

ఆ చలికాలంలో పచ్చబొట్లు పొడిచే ముసలామె ఆ ఊరికి వచ్చింది. ఆ పిల్లే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ముసలామె ఇంటి అరుగు మీద కూర్చుని దీపం మసిని నూనెలో కలుపుతోంది, పక్కన దారంతో కలిపి కట్టిన సూదులున్నాయి. ఏం పొడవాలని అడిగితే నేను మట్టిలో పుల్లతో గీసి చూపించాను, చుక్కల వరుస, కింద నిచ్చెన. ఆమె పని ఆపి దాన్ని కాసేపు చూసి, “ఎవరిది?” అంది. ఏమిటిది అని కాదు, ఎవరిది అని. ఒకరి గీతలు ఇంకొకరు ఊరికే తీసుకోకూడదట, ఇంటిదై ఉండాలి, లేదా ఇచ్చినదై ఉండాలి. మా అమ్మది అన్నాను. ఆమె నా గాజులనూ నా చీరనూ చూసి, సూదులు చేతిలోకి తీసుకుంది. సూది దిగుతుంటే నొప్పికి పళ్ళు బిగబట్టాను గానీ, ఒక్కో మెట్టూ లేస్తుంటే నా చేతికి అమ్మ చెయ్యి తిరిగి వస్తున్నట్టే అనిపించింది. చివర పసుపు అద్ది, నా మోకాలు తట్టి పంపించింది.

సెలవులకు ఇంటికి పొడుగు చేతుల రవిక వేసుకుని వెళ్ళాను. అత్త తలంటు పోస్తానని పీట మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. ఇక మొదలవుతాయి తిట్లు అనుకుని నేను మాటకు మాట సిద్ధం చేసుకున్నాను, ఇన్నాళ్ళ కోపం ఉంది కదా. ఆమె నూనె గిన్నె కింద పెట్టి నేల మీద చతికిలబడింది.

“ఇది నీకెట్ల గుర్తున్నదే?” అంది. అమ్మదే కదా, ఎందుకు దాచారు అని నేను గట్టిగానే అడిగాను.

“మీ అమ్మది కాదే బిడ్డా. నిన్ను కన్నంక మీ అమ్మ మంచం దిగలే, నిన్ను ఎత్తుకోకుండనే పోయింది. ఇది నీకు పాలిచ్చినామె చెయ్యి.”

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఉప్పు కోసం వచ్చే ఒక దోర్లా ఆమెకు అప్పుడే బిడ్డ పుట్టి పోయిందట, నన్ను చూసి బుట్ట దించి ఒళ్ళోకి తీసుకుందట, మూడేళ్ళు మా ఇంటి వెనక సావిట్లోనే ఉండిపోయిందట. కోమట్ల పిల్ల దోర్లా పాలు తాగిందని తెలిస్తే రేపు సంబంధాలు రావని మా నాయనమ్మ అందరి నోళ్ళూ కట్టేసింది. ఆమెను వాళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోయిన రోజు నేను అమ్మా అమ్మా అని గుమ్మం పట్టుకుని ఏడుస్తుంటే, ఏం చెప్పాలో తెలియక అమ్మ దేవుడి దగ్గరికి పోయిందన్నారు. అట్లా రెండు పోవడాలు నాకు ఒకటే అయిపోయాయి. ఆమె పేరేమిటని అడిగాను, అత్తకు తెలియదు, ఇంట్లో అందరూ ఆమె అనే అనేవారట. ఊరు తర్రెం వైపని మాత్రం విన్నానంది. నేను వెళ్ళాలనుకున్నాను, ఈలోగా పెళ్ళి, పిల్లలు, బదిలీలు, ఆ తర్వాతి ఏళ్ళలో అడవిలో తుపాకుల గొడవలతో ఆ దారుల్లో పోయే పరిస్థితే లేకుండా పోయింది. ఇప్పుడు రోడ్డు పడిందంటున్నారు, పేరు తెలియని మనిషిని ఎవరినని అడగను?

మా కాలంలో ఒంటి మీది గీత చూసి ఎవరి బిడ్డవని అడిగేవారు. ఇప్పుడు ఎక్కడ వేయించారు, నొప్పి పుట్టిందా, తీసేయాలంటే తీసేయవచ్చా అని అడుగుతున్నారు. తప్పని నేననను, నచ్చింది వేసుకుని నచ్చనప్పుడు తీసేసుకునే స్వేచ్ఛ మాకుంటే మేమేం చేసేవాళ్ళమో ఎవరికెరుక. నా చేతి మీది మెట్లు ముడతల్లో కలిసిపోయి, మొన్న రక్తం తీయడానికి వచ్చిన నర్సు కమిలిన గాయమనుకుని అయ్యో ఎక్కడ తగిలిందమ్మా అంది.

నన్ను కని, ఒక్కసారి కూడా ఎత్తుకోలేక వెళ్ళిపోయిన మనిషి కోసం ఈ గుర్తు వేయించుకున్నాను. ఆమెకు ఈ గుర్తు తెలియదు, ఈ ముఖమూ తెలియదు. ఆ పిల్ల చెప్పిందే నిజమైతే, రేపు అక్కడ ఈ చెయ్యి చూసి బుట్ట దించి పరుగెత్తుకొచ్చేది ఇంకొకామె. ఆ వెనకే ఎక్కడో, ఈ వచ్చింది ఎవరో తెలియక, ఒక చిన్న వయసు ఆడమనిషి నిలబడి చూస్తూ ఉంటుంది. ఆమెకు నేనెవరో నేనే వెళ్ళి చెప్పుకోవాలి, ఏ భాషలో మొదలుపెట్టాలో ఇప్పటికీ తోచడం లేదు.