బావకు తెచ్చిన ఇటలీ సీసా

మా తమ్ముడు దుబాయ్‌లో ఒక ఇటలీ హోటల్ వంటగదిలో పని చేస్తాడు. కరీంనగర్‌కు సెలవు మీద వచ్చినప్పుడల్లా బావకు ఒక సీసా తేవడం వాడికి అలవాటు. ఈసారి తెచ్చింది ప్రొసెక్కో అనే వైన్. దాన్ని చూడగానే నా గుండెల్లో రాయి పడింది.

మా ఆయన కొండగట్టు అంజన్న మాల వేసుకున్నప్పుడు మందు మానాడు, మాల తీశాక కూడా ముట్టలేదు. ఆ సంగతి నేను తమ్ముడికి ఫోన్‌లో చెప్పనే లేదు. నలుగురికీ చెప్పుకుంటే దిష్టి తగిలి ఆయన మళ్లీ మొదలుపెడతాడేమోనని భయం.

"గిది మందు కాదు బావా, బుడగల వైన్. ఆడోళ్లు సుత తాగుతరు," అన్నాడు తమ్ముడు.

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. వద్దనడానికి నోరు లేదా ఈ మనిషికి? చల్లబడ్డాకే తాగాలని తమ్ముడు అంటే సీసాను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టాను. పొద్దంతా ఏదో ఒక వంకతో ఆ ఫ్రిజ్ దగ్గరే తచ్చాడాను.

సాయంత్రం కోడికూర దించగానే తమ్ముడు సీసా తీశాడు. ఊపి పేలుస్తాడనుకున్నాను. లేదు. బిరడా గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పితే ఉస్సుమని చిన్న చప్పుడు, అంతే. గ్లాసు వంచి పోశాడు. ఎండుగడ్డి రంగులో ఉంది, అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తూనే ఉన్నాయి.

మా ఆయన గ్లాసు అందుకుని పెరట్లోకి నడిచాడు. అయిపోయింది, నా బతుకు మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. మా ఇళ్లలో ఏ మందు తాగినా ముందు ఎల్లమ్మ తల్లికి సాక అని నేల మీద నాలుగు చుక్కలు వదులుతారు. ఆయన నాలుగు చుక్కలు వదిలి ఆగలేదు. గ్లాసు మొత్తం జామచెట్టు కింద వంచేశాడు.

"నా వంతు తల్లికే పోసిన బామ్మర్దీ. నేను ఇడిసిపెట్టిన," అన్నాడు.

తమ్ముడి ముఖం చిన్నబోయింది. "ముందుగాల చెప్పొద్దా అక్కా?" అని నా మీద పడ్డాడు.

"ఆమెనేమనకు. అంత దూరం మోసుకొచ్చినవు, మీ అక్కకు జరంత పొయ్యి," అన్నాడు ఆయన.

మందు వాసనకే ముక్కు మూసుకునేదాన్ని. అయినా నా సంసారాన్ని అంతకాలం తిన్న పాపిష్టిది ఎట్లా ఉంటుందో చూద్దామని గ్లాసు తీసుకున్నాను. చేదుగా లేదు. ఆపిల్ ముక్క కొరికినట్టు కొంచెం పులుపు, కొంచెం తీపి. నాలుక మీద చిటపటలాడి చల్లగా దిగిపోయింది. ఇంకో గుక్క తాగాలనిపించింది, తాగాను.

ఇన్నాళ్లూ దాన్ని మురికినీళ్లని తిట్టాను. మురికినీళ్లు మానేయడం ఏం గొప్పలే అనుకున్నాను. ఇంత బాగుండేదాన్నా ఈయన రోజూ వద్దనుకుంటున్నది? కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎట్లున్నదే?" అని అడిగాడు మా ఆయన.

"ఛీ, చేదు," అన్నాను.

ఆయన ఖాళీ అయిన నా గ్లాసు వంక చూశాడు. "నాకు చెప్తున్నవా? దాని రుచి తెల్వకనే ఇడిసిన్నా?" అన్నాడు. తన గ్లాసు కడుక్కుని, మంచినీళ్లు నింపుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.