మిద్దె మీద మంద

మీసమూ ఉద్యోగమూ కొత్తగా వచ్చిన రోజుల్లో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. నాకు రెండూ ఒకే ఏడు వచ్చాయి కాబట్టి జ్ఞానం రెట్టింపుగా ఉండేది. పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. పిల్లలకు నేల, ఎరువు, మొక్క అనే పాఠం చెబుతుండగా నాలోని రైతు ఉన్నట్టుండి నిద్ర లేచాడు. మాది గుడిబండ దగ్గర సేద్యం చేసే ఇల్లే. కానీ నేను హాస్టళ్లలో పెరిగినవాణ్ణి. మడక పట్టింది ఒకే ఒక్కసారి, అదీ ఫొటో కోసం (ఆ ఫొటోలో కూడా ఎద్దులు నావైపు అనుమానంగానే చూస్తున్నాయి). అయినా సరే, రసాయనం చుక్క తగలని కూరగాయలు నా చేత్తో పండించి తినాలని నిశ్చయించుకున్నాను.

అంతకన్నా ముందు ఇంటి సంగతి చెప్పాలి. పెళ్లికానివాడికి ఆ ఊళ్లో గది దొరకడం గగనమైంది. ఏ గడప ఎక్కినా "ఫ్యామిలీ ఉండాదా?" అని అడగడం, లేదనగానే తలుపు వేసుకోవడం. తోటి టీచరు ఇంట్లో రెండు నెలలు చాప మీద పడుకున్నాక, ఒక పెద్దమ్మ తన మిద్దె మీది గది ఇచ్చింది. భర్త పోయాక కింద ఒక్కతే ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. తాళంచెవి చేతిలో పెడుతూ, "తొట్లు పెట్టుకుంటావో మడులు కట్టుకుంటావో నీ ఇష్టమప్పా. నా మిద్దె పాడైందంటే మాత్రం ఆ పొద్దే ఖాళీ చెయ్యల్ల" అంది. నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను.

ఒక మూల ప్లాస్టిక్ పట్ట పరిచి, చుట్టూ ఇటుకలు పేర్చి, ఎర్రమట్టి పోసి మూడు మడులు చేశాను. కొత్తిమీర, మెంతికూర, పుదీన, నాలుగు వంగనార్లు. ఫోనులో వీడియోలు చూసి ఒకరోజు అరటితొక్కలు నానేసిన నీళ్లు, ఒకరోజు పుల్లమజ్జిగ, ఇంకోరోజు టీ పిప్పి, ఆదివారం మాత్రం కోడిగుడ్డు పెంకుల పొడి పెట్టేవాణ్ణి. పెద్దమ్మ ఇదంతా గమనించి, "చెట్లకు దినానికొక టిఫిను పెడతాండావు, నువ్వేమో బ్రెడ్డు తిని బడికి పోతాండావు" అంది. ఇంత మర్యాద చేసినా కొత్తిమీర రెండాకులు వేసి ఆలోచనలో పడిపోయింది. మెంతికూర పసుపుపచ్చగా మారింది. వంగనారు అసలు నా ముఖమే చూడలేదు.

సిగ్గు చంపుకొని నాయనకు ఫోను చేశాను. ఆయన అంతా విని, "చేనుకైతే మంద తోలిస్తాము. రెండు రాత్రులు గొర్లు పండుకుంటే ఆ భూమి రెండేండ్లు మన మాట వింటాది. నీ మిద్దెకు ఏం తోలిచ్చల్లరా?" అని పెద్దగా నవ్వాడు. (పంట కోశాక గొర్రెల మందను రాత్రిపూట చేలో నిలిపించుకోవడం మా వైపు వాడుక. పెంటా మూత్రమూ నేలకు దక్కుతాయి, కాపరికి భోజనమో గింజలో దక్కుతాయి.) నేను నవ్వలేదు. ఫోను పెట్టేసి, చీపురుకట్టతో మిద్దె కొలిచాను. ఏడు గొర్రెలు హాయిగా పడతాయి.

ఆ శనివారం పెద్దమ్మ తన చెల్లెలి కూతురి పెళ్లికి చీరలు తీసుకోవడానికి ధర్మవరం పోయింది. రాత్రి బంధువుల ఇంట్లో ఉండి, మరునాడు మధ్యాహ్నం భోజనానికి వస్తానంది. నేను సాయంత్రం నేరుగా కొండ కింద మేపుకుంటున్న ఒక గొర్రెల కాపరి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన తుండుగుడ్డ తీసి చెవులు తుడుచుకొని, "మిద్దె మీదనా? ఏమప్పా, మతుండే అడుగుతాండావా?" అన్నాడు. చివరికి ముద్దా, ఊరిబిండి పచ్చడీ, ఉడుకుడుకు పప్పూ పెడతాననే ఒప్పందం మీద ఏడు గొర్రెలనూ ఒక పిల్లనూ ఇచ్చాడు. మిగతా మందను ఊరి బయట చేలో తన తమ్ముడికి అప్పగించి, పచ్చి తుమ్మకొమ్మ చూపిస్తూ ముందు నడిచాడు. గొర్రెలు బడిపిల్లల్లా వరుసగా మెట్లెక్కాయి. మొక్కలంటూ పెద్దగా లేవు కాబట్టి మేస్తాయన్న భయం కూడా లేదు (పుదీన మూడాకులూ వెళ్లగానే మేసేశాయి). సైన్సు పాఠానికీ సేద్యానికీ నేనే వంతెన వేశానన్న గర్వంతో ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాను.

పొద్దున లేచి చూస్తే మడుల్లో కన్నా నా గుమ్మం ముందే ఎరువు ఎక్కువ పడింది. అది సర్దుకోవచ్చు. కానీ మూత్రం తూములోంచి జారి, పెద్దమ్మ మొన్ననే సున్నం కొట్టించిన ముందుగోడ మీద పైనుంచి కిందికి పచ్చటి చారలు గీసింది. రాత్రి గొర్రెల పక్కనే పడుకున్న కాపరి అదేమీ పట్టించుకోకుండా, "మా తమ్ముడొక్కడే ఉండాడు. నేను పోయి మందను రోడ్డు మీదికి తోలుకొస్తా. నువ్వు వీటిని దించి గేటు తావ పెట్టు. కొమ్మ సూపిస్తే అవే వస్తాయి" అని వెళ్లిపోయాడు.

కొమ్మ చూపించాను. అవి మెట్ల అంచుదాకా వచ్చి, కిందికి చూసి, నన్ను చూసి, వెనక్కి తిరిగాయి. ఎక్కడం తెలిసినవి దిగడం మరిచిపోయాయి. బతిమాలాను. తిట్టాను. ఇంగ్లీషులో కూడా చెప్పాను. ఒకదాన్ని వెనకనుంచి తోస్తే నాలుగు కాళ్లూ నేలకు పాతినట్టు నిలబడింది. ఎత్తుకోబోతే డొక్కలో ఒక్క తన్ను తన్నింది. ఎదురింటివాళ్లు కాఫీ గ్లాసులతో బయటికి వచ్చి నిలబడ్డారు. "సార్, దానికి ముందు లెసను చెప్పండి" అని ఒకాయన సలహా. అప్పుడే గేటు చప్పుడైంది. పెళ్లిచీరల సంచి చంకన పెట్టుకొని, మధ్యాహ్నం రావలసిన పెద్దమ్మ పొద్దున రైలుకే వచ్చేసింది.

ఆమె గోడను చూసింది. పైకి చూసింది. పైనుంచి ఎనిమిది ముఖాలు ఆమెను చూశాయి, నాదీ కలిపి తొమ్మిది. చరచరా మెట్లెక్కి వచ్చింది. మళ్లీ చాప మీది బతుకు నా కళ్లముందు పరుచుకుంది. నిజంగానే ఏడుపొచ్చింది. "పెద్దమ్మా, సాయంత్రానికల్లా ఖాళీ చేసేస్తాను" అన్నాను. ఆమె నా మాట విన్నట్టే లేదు. చీరల సంచి నా చేతికిచ్చి, కొంగు నడుముకు దోపి, గొర్రెల మధ్యకు పోయి పిల్లను రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకుంది. పెదవులతో ఏదో చిన్న చప్పుడు చేసింది. అది అరిచింది. తల్లి దాని వెంట కదిలింది. పెద్దమ్మ వెనక్కి చూడకుండా మెట్లు దిగుతుంటే తల్లి, తల్లి వెనక తక్కినవన్నీ, పక్కచూపు కూడా చూడకుండా దిగిపోయాయి. ఎదురింటివాళ్లు కాఫీ తాగడం మరిచిపోయారు.

గేటు బయట కాపరి వచ్చి తన గొర్రెలను మందలో కలుపుకున్నాడు. కానీ పిల్లను మాత్రం పెద్దమ్మ వెంటనే ఇవ్వలేదు. దాని చెవి పట్టుకొని చూస్తూ నిలబడింది. "మాది నంబులపూలకుంట. పెండ్లయ్యేదాకా మా నాయన మందతోనే తిరిగినా. ఈ ఊరికొచ్చినాక ముప్పై ఏండ్లాయె, గొర్రెను ముట్టుకోలే" అంది కాపరితో. అన్ని నెలల్లో ఆమె తన గురించి అన్నిమాటలు చెప్పడం నేను విన్నది అప్పుడే. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నేను చీరల సంచి పట్టుకొని తప్పు చేసినవాడిలాగే నిలబడ్డాను.

తర్వాత పైకి వచ్చి మడులన్నీ చూసింది. "పచ్చి ఎరువు అట్లే వేస్తే వేర్లు కాలిపోతాయి. కుప్ప చేసి, మన్ను కప్పి, నీళ్లు చల్లుతా నెల దినాలు మాగనియ్యల్ల. ఆ తర్వాత విత్తనం వెయ్యి."

"మరి నేను ఖాళీ చెయ్యాల కదా, పెద్దమ్మా?"

"నెల మాగల్లంటాండా కదా. దాన్ని ఇడిసిపెట్టి నువ్వు యాడికి పోతావు? పో, ముందు గోడ కడుగు."

గోడ కడిగాను, సున్నం కూడా నేనే కొట్టాను (ఆ గోడ అంత వంకరగా ఎప్పుడూ తెల్లబడలేదు). రెండు నెలలకు కోసిన కొత్తిమీర వాసన కింది వాకిలిదాకా వచ్చేది. ఆ గదిలో నాలుగేళ్లున్నాను. ఆ నాలుగేళ్లూ సాయంత్రాలు మడుల దగ్గర కూర్చొని ఆమె చెప్పేది, నేను వినేవాణ్ణి.

ఇప్పుడు హిందూపురంలో నాకే ఒక ఇల్లుంది. పైన ఒక గది ఖాళీ. మేక ఎరువు ప్యాకెట్లో ఇంటికే వస్తోంది, మొక్కలూ బాగానే ఉన్నాయి. మొన్న ఒక అబ్బాయి వచ్చి గది అడిగాడు. "ఫ్యామిలీ వాళ్లకే ఇస్తామప్పా" అన్న మాట నా నోటినుంచే వచ్చింది. అతను గేటు దాటి నాలుగడుగులు పోయాక నా పాత చాప గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్లి పిలిచాను. "మొక్కలు పెంచే అలవాటుందా?" అని ఆశగా అడిగాను. "అయ్యో లేదు సార్, అట్లాంటి గలాటాలేమీ నాకు లేవు" అన్నాడు పాపం, వినయంగా. కాస్త నిరాశపడుతూనే తాళంచెవి చేతిలో పెట్టాను.