చివరి కాగితాలు

పక్కింట్లో టీవీ సీరియల్ మొదలయ్యే వేళకు గద్వాలలో ఈరమ్మ మగ్గం ఆపుతుంది. కాళ్లు మగ్గం కింది గుంతలోనే ఉంచి, దారం కండె ఉండే నాడె ఒడిలో పెట్టుకుని, కోడలు మాలతి చదివే లైబ్రరీ నవల వింటుంది. తనకు చదువు రాదు. కొడుకు చనిపోయాక ఆ ఇంట్లో మాటలన్నీ నవలలోని తల్లి గురించే. ఆమె కూడా కొడుకును పోగొట్టుకుంది. ఆ రోజు మాలతి పేజీ తిప్పితే అట్ట వచ్చింది. చివరి కాగితాలు ఎవరో చించుకుపోయారు.

"ఆ తల్లి ఏమైందో ఇగ తెల్వదత్తా!"

"ఎందుకు తెల్వదు బిడ్డా? తెల్లారి లేస్తది. ఏడ్సుకుంటనే పొయ్యి ముట్టిస్తది. పన్ల పడ్తది," అంటూ ఈరమ్మ నాడె అందుకుంది.

అప్పట్లో తన భర్త దినాలు కాగానే ఈ మగ్గం చప్పుడు వినబడితే అత్తది 'రాతిగుండె' అనుకుంది మాలతి. ఇప్పుడు గుంతలో ఆడుతున్న ఆ ముసలి పాదాలకు దండం పెట్టబుద్ధయింది.