ఎవరి పేర్లు వాళ్లవే

మా అత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. "అప్ప ఇక లేదే" అన్నాడు. జ్వరం తగ్గిందని పొద్దున కాస్త గంజి తాగిందట. ఈ రోజుకి ఆఫీసు మానెయ్యమని అమ్మ అంటే సరేనని మళ్లీ పడుకుందట. ఆ "సరే" వినగానే తనకి భయం వేసిందని అమ్మ తర్వాత చెప్పింది. అత్త అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు.

నాకు ఈ మధ్య మాటల మీద ఇష్టం పుట్టింది. కొత్త మాట కనిపిస్తే రెండు మూడు రోజులు నోట్లో పెట్టుకుని తిరుగుతాను. అత్త గురించి రాయాలని కూర్చుంటే మాత్రం గొప్ప మాటలేవీ దగ్గరికి రావడం లేదు. వెతికే ఓపిక కూడా లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

నాన్న రైల్వే ఉద్యోగంతో మా కుటుంబం ఉత్తరాంధ్ర నుంచి బస్తర్ వచ్చింది. నాన్న అప్ప అని పిలిచే ఆయన అక్క, మా అత్త, జగదల్‌పూర్‌లో నీళ్ల ఫిల్టర్లు అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసేది. బోర్లలో ఎర్రనీళ్లు పడే ఊళ్లు ఇటు చాలా ఉన్నాయి కాబట్టి గిరాకీకి లోటు లేదు. అమ్మడానికి రెండు టీములు ఉండేవి. ఒకటి బచేలి వైపు గని క్వార్టర్లలో తిరిగేది. అందులో ఎక్కువమంది తెలుగు కుర్రాళ్లు. రెండోది తోంగ్‌పాల్ వైపు, సుక్మా రోడ్డు పల్లెల్లో తిరిగేది. వాళ్లు హిందీ, హల్బీ మాట్లాడతారు. కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తులు కంప్యూటర్‌లో ఎక్కించడం అత్త పని. ఒక టీము కస్టమర్ల వివరాలు ఇంకో టీము కంట పడకుండా చూడటం కూడా తన పనేనని ఆవిడ నమ్మకం. ఆ రెండోది ఎవరూ గట్టిగా చెప్పింది కాదు.

కాలేజీ అయ్యాక నేను ఆ ఆఫీసుకి వెళ్లి కూర్చునేదాన్ని. ఇద్దరం ఆవిడ స్కూటీ మీద ఇంటికి వచ్చేవాళ్లం. అక్కడ అత్త పని చేసే తీరు చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. బచేలి వాళ్ల పని ముగించాక వెంటనే తోంగ్‌పాల్ పని ముట్టుకునేది కాదు. లేచి బయటికి వెళ్లి, ముఖం కడుక్కుని, కాసేపు రోడ్డు చూసి వచ్చేది. "వీళ్ల పేర్లు నాలిక మీద ఉండగా వాళ్ల పని చేస్తే ఎక్కడో జారిపోతాదే" అనేది. రెండు టీముల వాళ్లూ గదిలో ఉంటే ఒక్క కస్టమర్ పేరు కూడా పలికేది కాదు. ఆదివారం సంతలో ఎవరైనా ఆగి పలకరిస్తే, ఎవరని అమ్మ అడిగేది. "తెలిసినావిడ" అనేది అత్త. సంతలో సగం మంది తెలిసినావిడలే.

బచేలి కుర్రాళ్లు ఆవిడకి చెక్‌పోస్ట్ అక్క అని పేరు పెట్టారు.

"అక్క వస్తోంది, పర్మిట్లు తియ్యండ్రా!"

"నీ బండిలో ఏటున్నాదో నాకు తెల్సులే, ముందు టీ చెప్పు" అనేది అత్త, నవ్వకుండా.

ఒకసారి నేను పుస్తకంలో దొరికిన మాట ఒకటి ఆవిడ ముందు పెట్టాను. "నువ్వు చేసేదాన్ని గోప్యత అంటారత్తా" అన్నాను. ఆవిడ ఆ మాటని రెండుసార్లు పలికి చూసింది. "బావుంది గానీ, మా ఊళ్లో దీన్ని గట్టు అంటారే. గట్టు తెగితే ముందు మునిగేది పల్లపు మడే" అంది.

పోయిన దీపావళికి ముందు, విశాఖ నుంచి వచ్చిన మేనేజర్ కొత్త ఆలోచనతో అత్త బల్ల దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"తోంగ్‌పాల్ లిస్టులో తెలుగు పేర్లున్నాయి కదండీ మేడమ్. అవన్నీ ఏరి బచేలి టీముకి ఇచ్చెయ్యండి. మనవాళ్లు తెలుగులో ఫోన్ చేస్తే పండగ ఆఫరు ఇట్టే అమ్ముడుపోతుంది."

నాకు అది తెలివైన పనిగానే తోచింది. నాలుగు భాషలు వినపడే ఈ ఊళ్లో తెలుగు గొంతు వింటే ఎవరికి సంతోషం ఉండదు?

అత్త తల ఎత్తలేదు. "ఆళ్లు నంబరు తోంగ్‌పాల్ వాళ్లకి ఇచ్చారండి. తెలుగోళ్లందరికీ ఇవ్వలేదు."

"అబ్బ, అందరూ మనవాళ్లే కదండీ!"

"అందుకే భయం. అమ్మేవాడు ఎవరి బావో, ఎవరి మరిదో నాకేటి తెల్సు?"

మేనేజర్ నవ్వాడు. అత్త నవ్వలేదు. చివరికి ఆవిడే ఒక దారి చెప్పింది. ఆ తెలుగు వాళ్లందరికీ తనే ఫోన్ చేసి అడుగుతుంది. ఇవ్వమన్నవాళ్ల వివరాలు ఇస్తుంది, వద్దన్నవాళ్లవి ఇవ్వదు. "మీ ఇష్టం. మీ మామూలు పని మాత్రం ఆగకూడదు" అని మేనేజర్ వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి అత్త గొంతు రోజూ సాయంత్రానికి బొంగురుపోయేది. అందరినీ అదే అడగాలి. కొందరు విసుక్కునేవారు, కొందరు ఫిల్టరు చెడిపోయిందని తిట్టేవారు. ఇంటికొచ్చి వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుని, "మాట కూడా బరువేనే" అనేది. మాటల మీద మోజుతో తిరుగుతున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఒకరోజు నేను ఆఫీసులో ఉండగానే ఒక ఫోనులో అత్త స్వరం మారింది. "ఏడవకమ్మా... ఎవరూ, మరిదా?... లేదు, ఇవ్వలేదు. ఇవ్వను." ఫోను పెట్టేసి కంప్యూటర్ కట్టేసింది. స్కూటీ దగ్గర చెప్పింది: "ఒకావిడ. బచేలిలో పెనిమిటి కొడుతుంటే పిల్లని ఎత్తుకుని వచ్చేసింది. ఎక్కడుందో అత్తింటి వాళ్లకి తెలీదు. ఆవిడ మరిది మన బచేలి టీములోనే ఉన్నాడట."

"ఎవరత్తా?"

"ఒకావిడ" అంది మళ్లీ.

వద్దన్నవాళ్లు కొందరున్నారని మాత్రమే అత్త మేనేజర్‌తో చెప్పింది. ఎందుకో చెప్పలేదు. కారణం చెప్పినా సగం ఇచ్చినట్టే అని ఆవిడ లెక్క. ఆ తర్వాత, అత్తకే వస్తుందనుకున్న ఆఫీసు ఇన్‌చార్జి కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. మొండి మనిషితో వేగలేమన్నారట. "పోనీలే, కుర్చీ మారినా నడుంనొప్పి మారదు" అంది అత్త. ఆ రాత్రి అన్నం సగమే తిన్నది.

అత్త పోయిన రోజు ఇంటి ముందు టెంటు వేశారు. బచేలి కుర్రాళ్లంతా వచ్చారు. కొందరు నిజంగానే ఏడ్చారు. నేను టీ ఇస్తుండగా నా చేతిలో ఉన్న అత్త ఫోను మోగింది.

"అక్క పోయిందంట, నిజమేనా?" ఆడగొంతు, తెలంగాణ సరిహద్దు ఊళ్ల యాస. "ఏందమ్మా ఇట్లయింది! ఒక్కసారి చూసిపోత. ఆడ బచేలోళ్లు ఎవరన్న ఉన్నరా?"

నా ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లని చూశాను. ఆ మరిది వీళ్లలో ఎవరో నాకు తెలియదు. ఎవరైనా కావచ్చు. అందరూ దిగులుగా, మంచివాళ్లలా ఉన్నారు.

"ఇప్పుడు వద్దు, రేపు రండి" అన్నాను మెల్లగా.

"ఎవరమ్మా?" అన్నాడు టీ అందుకుంటున్నతను.

"అత్తకి తెలిసినావిడ" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. చిన్నపిల్ల వెంట ఉంది. అప్పటికి అత్త లేదు, ఫొటో ఉంది. దాని ముందు కూర్చుని పిల్ల చేత దండం పెట్టించింది. అమ్మ అన్నం పెడితే పిల్లకి తినిపించి, తను రెండు ముద్దలు తిన్నది.

"ఈ మనిషి మొగం నేనెన్నడూ చూడలే చెల్లె. ఫోనులనే ఎరుక. పండుగకు, పబ్బానికి ఒక్కసారి చేసి, బాగున్నవా అనేది, అంతే. ఇగ ఆ కుర్చీల ఎవరొస్తరో! పొద్దుగాల సిమ్ము తీసి ఇరగ్గొట్టిన. కొత్తది తీసుకోవాలె" అంది.

కొత్త నంబరు వచ్చాక నాకు చెప్పమని అనబోయి ఆగిపోయాను. ఆవిడ పేరు కూడా అడగలేదు.

సాయంత్రం బస్టాండుకి నేనే తీసుకెళ్లాను. సుక్మా బస్సు ఇంకా నిండలేదు. పక్కనే ఇంకో బస్సు కండక్టరు "గీదం, దంతెవాడ, బచేలీ!" అని అరుస్తున్నాడు. ఆవిడ కిటికీ పక్క సీటులో కూర్చుని, పిల్లని ఒళ్లోకి లాక్కుని, పైట ముఖం మీదికి లాక్కుంది. రెండు బస్సుల కిటికీలకీ మధ్య చెయ్యెడు దూరం కూడా లేదు. బచేలి బస్సు ముందు కదిలింది. అది గేటు దాటి, మలుపు తిరిగి, దుమ్ము కూడా కిందికి దిగేదాకా ఆవిడ పైట తియ్యలేదు. తీశాక నా వైపు చూసి, పిల్ల చెయ్యి పట్టుకుని ఊపించింది.