మూగ బొమ్మకి మాటలు చెప్పిన ఆదివారం

పాతికేళ్ళ వయసులో మనిషికి పట్టే జబ్బులు రెండు: ప్రేమ, ప్రపంచ సినిమా. నాకు రెండోది పట్టింది. ఆ జబ్బుతో బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో రెండొందల మంది తెలుగువాళ్ళ ఆదివారాన్ని స్వహస్తాలతో ఎలా తగలబెట్టానో వినండి.

అప్పట్లో నేను భవానీపూర్‌లో బ్యాంకు ఆఫీసర్ని. సాయంత్రమైతే ఫిల్మ్ సొసైటీకి పరుగు. అక్కడ గడ్డాల బెంగాలీ దాదాలు "కథ ఉంటే అది సినిమా కాదు" అంటే, "మాటలుంటే అసలే కాదు" అని నేనింకో మెట్టు ఎక్కేవాణ్ణి. పాత తెలుగు సినిమాలు నాటకాలనీ, కొత్తవి కుస్తీ పోటీలనీ తేల్చి పారేశాను. తా మునిగిందే గంగ, తా చూసిందే సినిమా!

సంత్రాగాఛి తెలుగు సంఘం ఏడాదికొకసారి ఒక తెలుగు బొమ్మ వేసేది. చదువుకున్నవాడినని ఆ ఏడు ఎంపిక నాకప్పగించారు, పాపం. ఏరి కోరి, రెండు గంటల్లో పట్టుమని ఇరవై మాటలు లేని సినిమా తెప్పించాను.

ఆట రోజు గుమ్మం దగ్గర నూకాలమ్మ ఆపింది. ఆమె కొడుకు యార్డులో గ్యాంగ్‌మన్. పక్కన తొమ్మిదేళ్ళ మనవరాలు మిఠూ.

"బాబూ, ఈ బొమ్మలో మాటలు బాగుంటాయేటి?"

"ఎందుకమ్మా?"

"ఈ గుంట బెంగాలీ తప్ప మాటాడదు. నాకా బాస రాదు. ఒకే ఇంట్లో ఇద్దరం మూగోళ్ళలాగున్నాం. నాలుగు తెలుగు మాటలు దీని సెవిన పడతాయని తెచ్చినాను."

నేను తెచ్చిందేమో మాటల్లేని బొమ్మాయె. అయినా మేధావిని కదా! "నిశ్శబ్దాన్ని మించిన భాష లేదమ్మా" అన్నాను. ఆ నోటిని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ముందు అరగంట నా ఉపన్యాసం. తర్వాత బొమ్మ. తెరమీద మొగుడు ట్రంకుపెట్టె ఎత్తుకుని ఇల్లు విడిచి పోతున్నాడు. పెళ్ళాం తలుపుకి జారగిలబడి చూస్తోంది. చూస్తోంది. ఇంకా చూస్తోంది. పలకదు.

నూకాలమ్మకి ఓపిక చచ్చింది. "ఓసే, పలకవేటే! అన్నం తిని ఎల్లమని సెప్పవే!"

వెనకనుంచి ఎవరో మొగుడి తరఫున అందుకున్నారు: "నీ కూర సప్పగుంది, నానుండను!"

"ఉప్పు తెచ్చి పడేసినావేటి, సప్పగుండక!" అని పెళ్ళాం తరఫున నూకాలమ్మ తిప్పికొట్టింది.

"ష్ష్! ఇది కళ!" అని నేను అరిచాను.

"నువ్వు కూకోవయ్యా, కాపరం కూలిపోతంటే కళేటి!" అన్నారు నాలుగు వరసలవాళ్ళు.

హాలంతా గోల. నా తల నేలకి దిగిపోయింది. అంతలో మిఠూ కుర్చీ ఎక్కి నిలబడి, వెళ్ళిపోతున్న ఆ మొగుడి వీపుకేసి గొంతు చించుకుని అరిచింది.

"ఎల్లొద్దు! నానమ్మ ఏడుస్తాది!"

నూకాలమ్మ తెర సంగతే మరిచిపోయింది. "ఓలమ్మా, మాటాడిందర్రా! నా గుంట మాటాడింది!" అంటూ పిల్లని ఎత్తుకుని భోరుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

ఆ తెలుగంతా ఆ పిల్ల లోపల ఎన్నాళ్ళుగా ఉందో! పాత సినిమాల్లో బారెడేసి మాటలు ఊరొదిలినవాళ్ళకి చుట్టం పలకరింపులని నాకు అప్పుడు తెలిసింది. కొత్తవాటిలోనూ, రెండు కుస్తీల మధ్య ఎవరో ఒకరు "తిన్నావా" అని అడుగుతూనే ఉంటారు. ఇవన్నీ ఏ గడ్డం దాదా కూడా నాకు చెప్పలేదు.

కానీ బుద్ధి ఊరుకోదు కదా! ఆట అయ్యాక నూకాలమ్మ దగ్గరికెళ్ళి, "చూశావా అమ్మా, నిశ్శబ్దం మహిమ?" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నిజమే బాబూ. మల్లీ ఏడు కూడా ఇలాటి మూగ బొమ్మే తే. మాటలు మేం సెప్పుకుంటాం. నువ్వు మాత్రం లేచి మాటాడకు."

తిరుగు లోకల్ రైల్లో, కుడిచెయ్యి పైన రింగు పట్టుకుని ఉంది కనక, ఎడమచేత్తోనే ప్రమాణం చేశాను: ఏ సినిమా మీదైనా నా అభిప్రాయం, పక్కసీటువాళ్ళది విన్నాకే చెబుతాను. పక్కసీట్లో నూకాలమ్మ ఉంటే అసలు చెప్పనే చెప్పను.